కామాల మాస్టారి చీకటి తెర

ప్రెస్సు తెరిచేది పొద్దున తొమ్మిదింటికి. కామాల మాస్టారు మాత్రం ఆ సోమవారం ఎనిమిదికే వచ్చి, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని, పిల్లిలా లోపలికి నడిచారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అక్కడ ప్రూఫులు దిద్దుతున్న మనిషి తన గదిలోకి తానే దొంగలా వెళ్ళడానికి కారణం, చొక్కా జేబులో ఉన్న ఒక చీటీ. దాని సంగతి ఎవరి చెవినా పడకూడదని ఆయన పట్టుదల.

ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు వేరే. వాక్యం ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ప్రెస్సులో వాళ్ళు పెట్టుకున్న పేరు కామాల మాస్టారు. మూడు నెలల కిందట రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరితే ఆపరేషన్ చేయించుకున్నారు. చూపు వచ్చింది. లోకమంతా తోమి బోర్లించిన గిన్నెలా తళతళలాడుతోంది. చిక్కల్లా ఒక్కటే. తెల్లటి తెర మీద సన్నటి నల్ల అక్షరాలు గంటసేపు చదివితే చాలు, కళ్ళలో గుప్పెడు ఇసుక పోసినట్టుంటుంది. ఆ మాట కూతురితో అంటే, "కళ్ళు బాగు చేయించావుగా నాన్నా, ఇక తెరని బాగు చెయ్యి," అని నవ్వి, కంప్యూటరులో ప్రూఫులు చదువుకునే ఎడిటరు ప్రోగ్రామును కంటికి హాయిగా ఎలా మార్చుకోవాలో తొమ్మిది అంకెలు వేసి రాసిచ్చింది.

ఇందులో దాచుకోవాల్సిందేముంది అంటే, ఉంది. ఆయన లేని మూడు నెలలూ ఆ కుర్చీలో యజమాని బావమరిది కూర్చుని, పుస్తకాల్లోని తప్పులన్నిటినీ ఇంటికొచ్చిన చుట్టాల్లా ఆదరించాడు. ఇప్పుడు మాస్టారు తిరిగొచ్చారు. మొన్న యజమాని ఆయన చేతికి ఒక పుస్తకం పని అప్పగిస్తూ, "ముందు ఈ ఒక్కటి చూడండి మాస్టారూ, తరవాత మాట్లాడుకుందాం," అన్నారు. ఆ 'తరవాత మాట్లాడుకుందాం' మాస్టారి గుండెలో పల్లేరుకాయలా దిగబడిపోయింది. ఇలాంటప్పుడు 'ముసలాయనకి అరచేయంత అక్షరాలు కావాలట' అని ఎవరైనా అంటే, కుర్చీ మళ్ళీ బావమరిదికే.

పుస్తకం కూడా తక్కువదేం కాదు. తొంభై ఆరు పేజీల చిన్న పుస్తకం. కంటి ఆపరేషన్ అయినవాళ్ళు ఇంటికెళ్ళాక ఏ జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పేది. రాసింది మాస్టారి కళ్ళు బాగు చేసిన పెద్ద డాక్టరే. ఐదువేల ప్రతులు. ఆ మధ్యాహ్నం మూడింటికి మిషనెక్కాలి.

మాస్టారు చీటీ తీశారు. కూతురి దస్తూరి చీమల బారు. భూతద్దం పెట్టి ఒక్కో అంకె చదువుతూ పనిలోకి దిగారు. మొదట అక్షరాలు పెద్దవి చేశారు. వరసకీ వరసకీ మధ్య మనిషి నడిచేంత ఎడం ఇచ్చారు. వరస పొడవు తగ్గించారు. పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా పరిగెత్తినట్టు చూపు పరిగెత్తే పని తప్పింది. తెల్లటి నేల తీసేసి, తడిసిన నల్లరేగడి రంగు పెట్టారు. అక్షరాలకి తేనె రంగు. పక్కన వేలాడే జాబితాలు, పైన మెనూలు, తప్పుల కింద మెలికలు తిరిగే ఎర్ర గీతలు, మూలనున్న గడియారం, మధ్యమధ్య తలుపు తట్టే సందేశాలు, అన్నిటినీ ఒక్కొక్కటే సాగనంపారు. తొమ్మిదో అంకె అన్నిటికీ మించింది. చదువుతున్న ఒక్క వరసే వెలుగుతుంది, మిగతావన్నీ చీకట్లోకి తప్పుకుంటాయి.

చీటీలో లేనివి రెండు ఆయన సొంతంగా చేర్చారు. కిటికీ వెలుతురు పడుతోందని మానిటరును గోడవైపు కాస్త తిప్పారు. దాని అంచున మినుకుమినుకుమనే పచ్చదీపం మీద చిన్న కాగితం ముక్క అతికించారు. తరవాత కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూశారు.

అబ్బ! చీకట్లో ఎవరో దీపం పట్టుకుని ముందు నడుస్తుంటే వెనకాల తీరుబడిగా నడుస్తున్నట్టుంది. కిందికి వెళ్ళే మీట ఒక్కసారి నొక్కితే ఒక వరస. ఇసుక లేదు, మంట లేదు. ముక్కు కాగితానికి ఆనించి ముప్ఫై ఏళ్ళు చదివిన మనిషి, గోడకి తల ఆనించి చదువుతున్నారు. కూతుర్ని తలుచుకున్నారు, డాక్టర్ని తలుచుకున్నారు, ఆ తేనె రంగు కనిపెట్టిన మహానుభావుడెవరో అతన్నీ తలుచుకుని మనసులోనే ఓ దణ్ణం పెట్టుకున్నారు.

అన్నీ బాగానే ఉన్నాయి. ఆయనకు తెలియనిదల్లా ఒకటే. ఆ మానిటరు పాతది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకే కనబడుతుంది. పక్కనుంచి చూస్తే తెల్ల తెర బూడిద రంగులోకి మారుతుంది, నల్ల తెరయితే బొత్తిగా ఆరిపోయినట్టే ఉంటుంది. ఆ గది తలుపు ఉన్నది పక్కనే.

పదింటికి యజమాని తన గదిలోంచి కంప్యూటరు మీద ఓ సందేశం పంపారు. 'మాస్టారూ, ఎంతవరకు వచ్చింది?' జవాబు లేదు. 'టీ తాగారా?' జవాబు లేదు. సంగతేమిటో చూద్దామని ఆయనే లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నిలబడి అలాగే ఉండిపోయారు.

తెర ఆరిపోయి ఉంది. దాని ముందు మాస్టారు గోడకి తల ఆనించి, మొహాన చిరునవ్వుతో, ఒక వేలితో మీట నొక్కుతూ, మధ్యమధ్యలో "ఊఁ... ఇక్కడ కామా," అని గొణుక్కుంటున్నారు.

ఈయనకు కనబడుతోందా అని యజమానికి అనుమానం వచ్చింది. మూడు వేళ్ళు చూపించారు. మాస్టారు చలించలేదు. చెయ్యి ఊపారు. ఉలుకూ పలుకూ లేదు. చివరికి, చిన్నప్పుడు ఇదే గుమ్మంలో నిలబడి చేసినట్టు, నాలుక బయటపెట్టి వెక్కిరించారు. ఎనిమిదో పేజీలో మునిగిపోయిన మాస్టారు ప్రశాంతంగా మీట నొక్కారు. యజమాని నాలుక లోపలికి లాక్కుని, కళ్ళు తుడుచుకుంటూ బైండింగు గదిలోకి పరిగెత్తారు.

"మాస్టారికి చూపు పోయింది," అన్నారు, తలుపు దగ్గరేసి.

కంపోజింగ్ చేసే అమ్మాయి చేతిలో కాగితాలు జారిపోయాయి. బైండరు జిగురు బ్రష్షు గాల్లోనే ఆపేశాడు.

"అదేంటండీ, పొద్దున నన్ను చూసి నవ్వారే!" అంది అమ్మాయి.

"నువ్వు పలకరించావా?"

"ఆఁ, నమస్కారం మాస్టారూ అన్నా."

"గొంతు విని నవ్వారమ్మా. తెర ఆర్పేసి ఉంది. ఆయన చదువుతున్నారు."

"ఏం చదువుతున్నారు?"

"అదే కదా నా ఏడుపు!"

బైండరు ఇరవై ఏళ్ళ నుంచి అక్కడ పనిచేస్తున్న స్థూలకాయుడు, గుండె అంతకన్నా మెత్తన. "పాపం, చెబితే ఉద్యోగం పోతుందని దాచుకుంటున్నారు బాబూ," అన్నాడు ముక్కు ఎగబీలుస్తూ.

"అందుకే చెబుతున్నా. మనకి తెలుసని ఆయనకి తెలియకూడదు. మనసు కష్టపెట్టుకుంటారు. ఎవ్వరూ ఏమీ అనకండి. మామూలుగా ఉండండి. నేను డాక్టరు గారికి ఫోన్ చేస్తా," అన్నారు యజమాని.

ఆ రోజు ఆ ప్రెస్సులో ఎవరి చేతా కానిది ఏదైనా ఉందంటే, అది మామూలుగా ఉండటం.

ముందు అమ్మాయి టీ తెచ్చింది. రోజూ బల్ల మూల పెట్టి పోయే పిల్ల, ఈసారి మాస్టారి అరచెయ్యి తెరిచి, గ్లాసు పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటిగా మూసింది. "వేడిగా ఉంది మాస్టారూ. సగం పైనదాకా పోశాను. ఇప్పుడు మీ మూతికి జానెడు దూరంలో ఉంది," అంది. మాస్టారు ఆశ్చర్యపోయి, తరవాత కరిగిపోయారు. సొంత కోడలు కూడా ఇంతలా చూసుకోదు అనుకున్నారు. అక్కడితో ఆగక ఆ పిల్ల పక్కన స్టూలు వేసుకుని ఆనాటి పేపరు ముఖ్యాంశాలన్నీ చదివి వినిపించింది. "నీకెందుకమ్మా శ్రమ," అంటే, "నాకు గొంతు సాధన మాస్టారూ," అంది కళ్ళు ఒత్తుకుంటూ.

పదకొండింటికి పెరట్లోకి వెళ్దామని లేస్తే బైండరు ఎక్కడినుంచి ఊడిపడ్డాడో, వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. "మెట్లున్నాయి మాస్టారూ, మూడు. ఇదిగో ఒకటి... ఇదిగో రెండు... ఇది ఆఖరుది, కాస్త పొట్టిది."

"ఆ మెట్లు కట్టించేటప్పుడు ఇక్కడున్నది నేనే కదయ్యా," అన్నారు మాస్టారు నవ్వుతూ.

"మీకు తెలియని మెట్టేముంది మాస్టారూ, అయినా మా తృప్తి," అన్నాడు బైండరు గద్గదంగా.

మాస్టారి గుండె నిండిపోయింది. పెరట్లో వేపచెట్టు కింద నిలబడి ఇంటికి ఫోన్ చేశారు. "ఏమోయ్, మూడు నెలలు కనబడకపోతే ఇంత ప్రేమ పుట్టుకొస్తుందనుకోలేదు. మెట్టు మెట్టుకీ చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు. మనుషులంటే వీళ్ళే!"

మాస్టారి భార్యకు అప్పటికి ఐదు నిమిషాల ముందే యజమాని ఫోన్ చేసి, "అమ్మా, మీరు ధైర్యంగా ఉండాలి," అని మొదలుపెట్టి, ధైర్యమన్నది మిగలకుండా చేసి పెట్టేశారు. "అలాగేనండీ... జాగ్రత్తగా నడవండి," అని మాత్రం అని, ఆవిడ చేతికందిన చీర చుట్టుకుని, డాక్టరును వెంటబెట్టుకు రావడానికి ఆసుపత్రికి బయల్దేరింది.

ఈలోగా బైండరుకు మరో ఆలోచన వచ్చింది. మాస్టారి కుర్చీకి చక్రాలున్నాయి. చూపులేని మనిషి కింద అది జారితే? వెంటనే దాన్ని తీసేసి, చేతులున్న గట్టి కుర్చీ తేవడానికి పక్కగదిలోకి వెళ్ళాడు. సరిగ్గా ఆ సందులో మాస్టారు గదిలోకి వచ్చారు. పుస్తకంలో తరవాతి పేజీ గురించే ఆలోచిస్తూ, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కుర్చీ ఉన్న చోట, వెనక్కి చూడకుండా, నిశ్చింతగా కూర్చున్నారు.

ధబ్‌మని శబ్దం విని ముగ్గురూ పరిగెత్తుకొచ్చారు. మాస్టారు నేల మీద కాళ్ళు బారచాపి కూర్చుని ఉన్నారు.

"నా కుర్చీ ఏది?" అన్నారు.

"చూశారా," అన్నారు యజమాని గుసగుసగా, "కుర్చీ ఉందో లేదో కూడా తెలియట్లేదు."

లేవనెత్తి, దులిపి, కొత్త కుర్చీలో కూర్చోబెట్టి, అటో దిండు ఇటో దిండు పెట్టారు. నడుము కలుక్కుమన్నా మాస్టారికి కోపం రాలేదు. ఎక్కడైనా కింద పడితే నవ్వుతారు. ఇక్కడ ఏడుస్తున్నారు. ఇంకేం కావాలి మనిషికి?

ఆ తృప్తితోనే మళ్ళీ చదువులో పడి, ఒంటిగంటకు నలభై ఒకటో పేజీకి వచ్చారు. వచ్చి, ఆగిపోయారు. తేనె రంగులో ఒకే ఒక్క వరస వెలుగుతోంది. 'మొదటి వారం: ఎర్రమూత సీసా మందు రోజుకు ఆరుసార్లు, తెల్లమూత సీసా మందు పడుకునే ముందు ఒక్కసారి.'

మామూలు ప్రూఫు దిద్దేవాడికి ఆ వరసలో తప్పేమీ కనబడదు. అక్షరం చెక్కుచెదరలేదు, కామా ఉండాల్సిన చోటే ఉంది. కానీ ఆ రెండు సీసాలూ మాస్టారు ఆరు వారాలు కళ్ళలో పోసుకున్నవి. ఆరుసార్లు వేసుకోవాల్సింది తెల్లమూత. ఎర్రమూతది ఒక్కటే చుక్క. ఒకరోజు మరిచిపోయి రెండోసారి వేసుకుంటే కన్ను నిప్పుకణికైపోయి, అర్ధగంటసేపు ఇల్లంతా గెంతారు. డాక్టరు పెట్టిన చీవాట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఆ పేజీ కంపోజు చేసిన రోజుల్లో ఈ కుర్చీలో ఉన్నది ఎవరో గుర్తొచ్చింది. రెండు రంగులూ తారుమారైపోయాయి.

ఐదువేల ప్రతులు. పదివేల కళ్ళు.

"బాబూ! మిషనెక్కించకండి!" అని కేక వేస్తూ యజమాని గదిలోకి పరిగెత్తారు. పరిగెత్తే గుడ్డివాణ్ణి చూసి దారిలో ఉన్నవాళ్ళంతా బల్లలు లాగేసి దారి ఇచ్చారు.

"కూర్చోండి మాస్టారూ, నిదానంగా. కుర్చీ మీ వెనకే ఉంది, ఈసారి నిజంగా ఉంది," అన్నారు యజమాని.

"నలభై ఒకటో పేజీలో మందులు తారుమారయ్యాయి. ఎర్రది తెల్లదైంది, తెల్లది ఎర్రదైంది. అలాగే అచ్చు వేస్తే జనం కళ్ళు మండిపోతాయి!"

యజమాని ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "మాస్టారూ, ప్రతి పేజీ కిందా డాక్టరు గారే స్వయంగా చూసి సంతకం పెట్టారు. వారికన్నా మనకి ఎక్కువ కనబడుతుందా?" అనేసి, నాలుక కరుచుకుని, "అంటే... తెలుస్తుందా అని," అని సర్దుకున్నారు.

"నాకు తెలుసు కాబట్టే చెబుతున్నా!"

"సరే, దిద్దేద్దాం. మీరు కంగారుపడకండి." యజమాని బైండరుకు కన్ను గీటారు. బైండరు లోపలికెళ్ళి రెండు నిమిషాలు ఆగి, ఒక కాగితం తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు. "ఇదిగోండి మాస్టారూ, దిద్దిన పేజీ. చక్కగా వచ్చింది."

మాస్టారు దాన్ని చూశారు. తిప్పి చూశారు. "ఏమయ్యా, ఇది తెల్ల కాగితం."

బైండరు నోరెళ్ళబెట్టాడు. "తడిమి చెప్పేశారు బాబూ! ఏం అనుభవం!"

"తడమడమేమిటి, కళ్ళెదురుగా తెల్లగా ఉంటే? నీ చొక్కా రెండో గుండీ మూడో కాజాలో పెట్టుకున్నావు, అది కూడా తడిమే చెబుతున్నానా?"

బైండరు కిందికి చూసుకుని, యజమాని చెవిలో, "గుడ్డ సర్రుమనే చప్పుడు తేడాగా వస్తుంది, దాన్నిబట్టి," అన్నాడు భక్తిగా.

ఇక అమ్మాయి తట్టుకోలేకపోయింది. వెక్కి వెక్కి ఏడుస్తూ, "ఎందుకు మాస్టారూ ఇంకా దాస్తారు? మీకు కళ్ళు కనబడవని మా అందరికీ తెలుసు!" అంది.

మాస్టారికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తరవాత అంతా ఒకేసారి అర్థమైంది. మూతికి జానెడు దూరంలో టీ, పేపరు చదువు, పొట్టి మెట్టు, దిండ్లు. పొద్దుటినుంచీ మెళ్ళో పడుతున్న పూలదండలన్నీ గుడ్డివాడివి. సిగ్గు ముంచుకొచ్చింది, దాని వెనకే కోపం.

"నాకు కనబడదా? రండి! నేను దేనిమీద చదువుతున్నానో చూద్దురుగాని రండి!" అని ముగ్గుర్నీ ఈడ్చుకెళ్ళి, మానిటరుకు సరిగ్గా ఎదురుగా నిలబెట్టారు.

తెర చచ్చి ఉంది. మాస్టారు మీట నొక్కారు. నొక్కారు. చివరికి వీపు మీద చరిచినట్టు మానిటరు మీద చరిచారు. చలనం లేదు. పక్కన బల్ల మీద కొత్తగా వచ్చిన ఫ్యాను ఒకటి మాత్రం హాయిగా తిరుగుతూ, ఆయన తలమీద ఉన్న నాలుగు వెంట్రుకల్నీ నిమురుతోంది. మాస్టారు అటు కేకలు వేస్తూ వెళ్ళినప్పుడు, ఎలాగూ వెలగని తెరకి కరెంటు ఎందుకని, బైండరు మానిటరు ప్లగ్గు పీకి, ఆయనకి చెమట పట్టకుండా ఫ్యాను ప్లగ్గు పెట్టాడు. పాపం, అదీ ప్రేమే.

యజమాని మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నారు.

"మాస్టారూ, నేను మధ్యాహ్నమే అందరితోనూ చెప్పేశాను. మీరు ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. రేపటినుంచి అమ్మాయి పైకి చదువుతుంది, మీరు వినండి. కామా ఎక్కడ పడాలో మీకు చెవికి తెలియదా? మా బావమరిదికి రెండు కళ్ళూ ఉన్నాయి, ఏం లాభం? ఆ కుర్చీ మీదే. నాన్న ఇచ్చిన కుర్చీ అది, నేను వెనక్కి తీసుకునేది కాదు."

మాస్టారి నోట్లో సిద్ధంగా ఉన్న నాలుగు ఘాటైన మాటలు ఉన్నచోటే కూలబడ్డాయి. మూడు నెలలుగా ఏ మాట కోసం చెవులు కాయలు కాశాయో ఆ మాట ఇది. చూపు ఉందని నిరూపించుకుంటే తప్ప రాదనుకున్నది, లేదనుకున్నా వచ్చేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాంతో ఆ ఘడియ మాత్రం నిజంగానే ఆయనకు ఎవరూ కనబడలేదు.

అప్పుడే గుమ్మంలో భార్య ప్రత్యక్షమైంది. "ఏమండీ! నేను కనబడుతున్నానా?"

"కనబడకేం!"

"ఏ రంగు చీర?"

"ఆకుపచ్చ. తిరగేసి కట్టుకున్నావు."

ఆవిడ అంచు ఎత్తి చూసుకుంది. కుట్లన్నీ బయటికే ఉన్నాయి. "ఈయన కళ్ళకేం రోగం లేదు నాయనా," అంది యజమానితో, ఊపిరి పీల్చుకుని. "పెళ్ళైనప్పటినుంచీ ఇంతే. మంచి చీర కట్టినరోజు కనబడదు, తిరగేసి కట్టినరోజు కనబడుతుంది."

"భార్యాభర్తలు కదమ్మా, అలవాటు కొద్దీ చెప్పి ఉంటారు," అన్నాడు బైండరు, అంత తేలిగ్గా జాలిని వదులుకోలేక.

ఆవిడ వెనకాలే పెద్ద డాక్టరు వచ్చారు. వస్తూనే, లావుపాటి బైండరుకు చేతులు జోడించి, "నమస్కారం మాస్టారూ, ఎలా ఉంది ఇప్పుడు?" అన్నారు. బైండరు కంగారుగా పక్కకి తప్పుకుని, గరిటకాడలా సన్నగా ఉండే మాస్టారిని ముందుకి తోశాడు. ఎండలోంచి వచ్చారు కదా, కళ్ళు బైర్లు కమ్మి ఉంటాయని అందరూ అనుకున్నారు.

డాక్టరు టార్చి వేసి కుడికన్ను చూశారు, ఎడమకన్ను చూశారు, సంచిలోంచి కళ్ళు పరీక్షించే అక్షరాల అట్ట తీసి చదవమన్నారు. మాస్టారు పైనుంచి కిందిదాకా గుక్క తిప్పుకోకుండా చదివి, "అడుగున అచ్చువేసినవాళ్ళ చిరునామా కూడా ఉంది, చదవనా?" అన్నారు.

"అడుగున చిరునామా ఉందా?" అన్నారు డాక్టరు.

ఆ ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. యజమాని అప్పటికే అమాంతం మాస్టారిని కౌగిలించుకుని, "కనబడుతుందా! నిజంగానే కనబడుతుందా!" అని ఊపేస్తున్నారు. ఆ కౌగిలిలోంచే మాస్టారు ఒక చెయ్యి బయటికి తీసి, బల్ల మీదున్న సంతకాల ప్రతిలోంచి నలభై ఒకటో పేజీ అందుకుని డాక్టరు చేతిలో పెట్టారు.

"డాక్టరు గారూ, నా సంగతి తరవాత. మూడవుతోంది. ఈ పేజీ ఒక్కసారి చదవండి."

డాక్టరు కాగితాన్ని దూరంగా పట్టుకున్నారు. దగ్గరికి తెచ్చుకున్నారు. మళ్ళీ దూరం పెట్టారు. గొంతు సవరించుకుని, గట్టిగా చదివారు. "మొదటి వారం: తెల్లమూత సీసా మందు రోజుకు ఆరుసార్లు, ఎర్రమూత సీసా మందు పడుకునే ముందు ఒక్కసారి. బాగానే ఉందిగా? ఇందులో తప్పేముంది?"

అమ్మాయి డాక్టరు భుజం మీదుగా తొంగిచూసి, నీళ్ళు నమిలి, "అక్కడ అలా లేదండీ," అంది. యజమాని తొంగిచూశారు. బైండరు తొంగిచూశాడు. తలుపు దగ్గరున్న భార్య కూడా వచ్చి తొంగిచూసి, "అయ్యో రామ," అంది.

మాస్టారు వంగి, ఫ్యాను ప్లగ్గు పీకి, మానిటరు ప్లగ్గు పెట్టారు. డాక్టరును మెల్లగా తన కుర్చీలో కూర్చోబెట్టారు. నల్లటి నేల మీద తేనె రంగులో ఆ ఒక్క వరస వెలిగింది.

డాక్టరు చూశారు. "ఎర్రమూత... ఆరు..." ఆయన మొహం పాలిపోయింది. "అమ్మో! నేనే సంతకం పెట్టాను!" "నేను రాసిందే కదా, అంతా నోటికి వచ్చు. పేజీ చూస్తే దానిమీద ఏముండాలో అదే కనబడింది, ఏముందో కనబడలేదు," అన్నారు. అంటూనే మీట నొక్కారు. తరవాతి వరస వెలిగింది. మళ్ళీ నొక్కారు. చిన్నపిల్లాడిలా మూడు పేజీలు చదివేసి, "ఎన్నాళ్ళకి ఇంత హాయిగా చదివాను!" అన్నారు.

"ఎన్నాళ్ళకి?" అంది మాస్టారి భార్య, నడుమున చేతులు పెట్టుకుని.

డాక్టరు తల దించుకున్నారు. "ఏడాది అవుతోందమ్మా. రెండు కళ్ళలోనూ శుక్లాలు."

"మసక అనిపించిన రోజే రావాలి, వాయిదా వేయకూడదు అని మా ఆయన్ని కూర్చోబెట్టి తిట్టింది మీరే కదండీ?"

"చెప్పడం తేలిక. ముప్ఫై వేల కళ్ళు చూశాను. నా కంటి మీదికి ఇంకొకరి చెయ్యి వస్తుందంటే..."

మాస్టారికి అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. "డాక్టరు గారూ... మూడు నెలల కిందట నా కళ్ళకి ఆపరేషన్ చేసింది..."

"నేను చెయ్యలేదు మాస్టారూ, భయపడకండి. నేను పక్కన నిలబడి కబుర్లు చెప్పాను. చేసిందంతా మా శిష్యురాలు. బంగారు చెయ్యి."

"మరి ఆ బంగారు చేతికిందే మీరూ పడుకోండి. ఈసారి పక్కన నిలబడి కబుర్లు చెప్పే పని నాది," అన్నారు మాస్టారు.

డాక్టరు చాలాసేపు ఆయన వంక, కనబడినంత మేరకు, చూశారు. తరవాత రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకున్నారు. "పదివేల కళ్ళు కాపాడారు. నావి రెండూ కలుపుకోండి," అన్నారు.

పేజీ దిద్దారు, మిగతా పేజీలూ మాస్టారు చదివి ముగించారు. మిషను మూడింటికి బదులు ఆరున్నరకు కదిలింది. ఆ సాయంత్రమే యజమాని, ఇకమీదట ఎంత పెద్దవాళ్ళు సంతకం పెట్టిన పేజీ అయినా సరే, మాస్టారు చూడందే మిషనెక్కకూడదని గోడ మీద కాగితం అంటించారు. మాస్టారు అందులో ఒక కామా పెట్టి, యజమానికి, అమ్మాయికి, బైండరుకి విడివిడిగా కృతజ్ఞతలు చెప్పి, భార్యతో కలిసి ఇంటికి వెళ్ళారు. చూపు ఉన్నా లేకపోయినా తనకో కుర్చీ ఉందని తెలిశాక ఆ రాత్రి మూడు నెలల తరవాత కంటినిండా నిద్రపోయారు.

డాక్టరుకు ఆపరేషన్ జరిగింది. పక్కన నిలబడి మాస్టారు ఎంత బాగా కబుర్లు చెప్పారంటే, శిష్యురాలు రెండుసార్లు ఆయన్ని బయటికి పంపాలనుకుంది. రెండు నెలలకి ప్రెస్సుకు డాక్టరు స్వదస్తూరితో ఉత్తరం వచ్చింది. 'కొత్త కళ్ళతో పుస్తకమంతా చదివాను. ఒక్క తప్పు లేదు. మీ రుణం తీర్చుకోలేను. ఒకటే మనవి. వెనక అట్ట మీద నా ఫొటో స్థానంలో ఎవరో బాగా ముసలాయనది పడింది. రెండో ముద్రణలో సరిచేయగలరు.'

మాస్టారు డాక్టరు ఇచ్చిన అసలు ఫొటో తెర మీద తెరిచి, ఆ అట్టని పక్కన పెట్టుకుని, తిప్పి తిప్పి పరిశీలించి, ఉత్తరం అంచున ఎర్ర సిరాతో 'మూలంతో సరిపోయింది, మార్పు అక్కర్లేదు' అని రాసి పంపారు.